రాడార్ ఎంత దూరం చూడాలి?

సెలవు రోజున ఏలూరులోగాని, తాడేపల్లిగూడెంలోగాని, కొల్లేటిలోని ఏ లంక గ్రామంలోగాని చూడండి. అరుగు మీద నలుగురు పిల్లలు నాలుగు సెల్‌ఫోన్ల మీదికి వంగి కూచుని ఉంటారు. ఉన్నట్టుండి ఒకడు "ఒరేయ్, వెనకాల అడుగులురా!" అని అరుస్తాడు. వాడు వెనక్కి తిరిగి చూడలేదు. తెర మూల ఉన్న చిన్న పటంలో పాదాల గుర్తు ఒకటి మెరిసింది, అంతే! ఆ గుర్తుతో నలుగురి ఆటా మారిపోతుంది. పరుగెత్తేవాడు ఆగిపోతాడు. నిలబడ్డవాడు గోడచాటుకు పోతాడు. దాక్కున్నవాడు ఊపిరి బిగబడతాడు.

ఇంత పని చేసిన ఆ గుర్తు ఎంత దూరంలో ఉన్న శత్రువును చూపిస్తుంది? 10 మీటర్లా? 25 మీటర్లా? 100 మీటర్లా? ఆ అంకెను ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు? ఆడేవాళ్ళలో ఈ ప్రశ్న వేసుకునేవాళ్ళు తక్కువ. "ఎంత దూరం చూపిస్తే అంత మంచిది గదా!" అంటారు చాలామంది. నేనలా అనుకోను. రాడార్ చూపు పెరిగేకొద్దీ ఆట పెరగదు, తరుగుతుంది. అలాగని రాడార్ అసలు లేకపోయినా చిక్కే. అది ఉండాలి, పొట్టిగా ఉండాలి, అందరికీ ఒకటిగా ఉండాలి. ఇదీ నా వాదం. ఎందుకో లెక్కలతో సహా చెబుతాను.

అసలు ఈ ఆటలు ఆడాలా వద్దా, ఆడితే ఎంతసేపు అన్నది వేరే తగవు. చదువూ నిద్రా మాని ఆడేవాణ్ణి నేనూ సమర్థించను. కాని ఆడే అరగంట అయినా, ఆ తెర వెనక ఏ లెక్క నడుస్తోందో తెలిసి ఆడటం మేలు కదా!

కదిలితేనే చుక్క

ఆటల్లో "కదలికల రాడార్" అనేది చాలాకాలంగా ఉంది. 2007లో వచ్చిన "హాలో 3" అనే ఆటనే తీసుకుందాం. అందులో తెర మూల ఒక గుండ్రటి బిళ్ళ ఉంటుంది. బిళ్ళ మధ్యన మీరు. మీ చుట్టూ 25 మీటర్ల లోపల ఏ శత్రువు కదిలినా బిళ్ళలో ఎర్రచుక్క కనపడుతుంది. ఇక్కడే తమాషా ఉంది. శత్రువు కదలకుండా నిలబడితే చుక్క లేదు. వంగి మెల్లగా నడిచినా చుక్క లేదు. అంటే ఆ రాడార్ మనిషిని చూడదు, మనిషి తొందరను చూస్తుంది!

ఇదేదో ఆటల వాళ్ళు కల్పించిన వింత అనుకోకండి. ప్రకృతిలో ఇలాంటి రాడార్లు ఎన్నో ఉన్నాయి. కప్ప కన్నునే చూడండి. 1959లో అమెరికాలో లెట్విన్, మతురానా, మెక్కలక్, పిట్స్ అనే నలుగురు శాస్త్రజ్ఞులు కప్ప కంటి నరాలను పరీక్షించారు. కదిలే చిన్న మచ్చ కనపడితే ఆ నరాలు గట్టిగా స్పందించాయి. అందుకే కదిలే ఈగను కప్ప లటుక్కున పట్టేస్తుంది. కదలని ఈగలు చుట్టూ ఎన్ని పడి ఉన్నా మాత్రం ఆకలితో మాడుతుందే తప్ప వాటి జోలికి పోదు.

కొల్లేటి చేపల చెరువు గట్టున గుడ్డికొంగను చూసే ఉంటారు. పేరుకే గుడ్డి! చేపలు కదిలేవాటికి బెదురుతాయి కనక అది రాయిలా నిలబడుతుంది. అడుగు తీసి అడుగు వెయ్యటానికి ఎంతసేపయినా తీసుకుంటుంది. అంటే కనపడకుండా ఉండటానికి అది ఒక ధర చెల్లిస్తోంది. ఆ ధర కాలం. ఆటలో వంగి నడిచేవాడు చెల్లించేదీ అదే ధర. ఈ మాట గుర్తుంచుకోండి, మన లెక్కంతా దీని మీదే.

నిజం రాడార్, ఆట రాడార్

నిజమైన రాడార్ రేడియో తరంగాలను పంపి, దేనికైనా తగిలి తిరిగివచ్చే ప్రతిధ్వనిని పట్టుకుంటుంది. వాతావరణ శాఖవారి రాడార్ ఒకటి మనకు దగ్గరలోనే, మచిలీపట్నంలో ఉంది. అది డాప్లర్ రాడార్. ఏలూరు స్టేషనులో ఆగకుండా పోయే రైలు కూత విన్నారా? దగ్గరికి వచ్చేటప్పుడు కీచుగా, దాటి పోయేటప్పుడు బొంగురుగా వినిపిస్తుంది. కదిలే వస్తువు నుంచి వచ్చే తరంగాల్లో కలిగే ఈ మార్పే డాప్లర్ ఫలితం. మేఘంలోని చినుకులు రాడార్ వైపు వస్తున్నాయా, దూరంగా పోతున్నాయా అన్నది దీన్నిబట్టే తెలుస్తుంది. రాడార్ చూపుకు సరిగ్గా అడ్డంగా పోయేదాని వేగం మాత్రం దానికి అందదు.

ఈ రాడార్ చూపుకు హద్దు ఏమిటి? ముఖ్యమైన హద్దు భూమే! రేడియో తరంగం దాదాపు తిన్నగా పోతుంది, భూమి గుండ్రంగా వంగిపోతుంది. అందుకని 10 కిలోమీటర్ల ఎత్తున్న మేఘం తల సుమారు 400 కిలోమీటర్ల దూరం నుంచి కూడా కనపడవచ్చు. 1 కిలోమీటరు ఎత్తున ఉన్నది 130 కిలోమీటర్లు దాటిందంటే నేల చాటుకు పోతుంది. ఎంత డబ్బు పోసినా ఈ హద్దును సులభంగా దాటలేం.

రాడార్ దూరం విలువ ఎలాంటిదో యుద్ధం కూడా నేర్పింది. 1942 ఏప్రిల్ 5న జపాను విమానాలు కొలంబో మీద దాడి చేశాయి. అక్కడ రాడార్ ఉండి కూడా ముందుగా హెచ్చరించలేకపోయింది. ఎదిరించవలసిన విమానాలు నేల మీదనే ఉండగా శత్రువులు నెత్తి మీదికి వచ్చేశారు. ఏప్రిల్ 6న మన విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు పడ్డాయి. ఏప్రిల్ 9న ట్రింకోమలీ మీద దాడి జరిగినప్పుడు మాత్రం రాడార్ ముందే పసిగట్టింది, విమానాలు ముందే గాలిలోకి లేచాయి. తాడేపల్లిగూడెంలో ఆ యుద్ధకాలంలో వేసిన విమానాల బాట గురించి పెద్దలు చెప్పగా వినే ఉంటారు. అలాంటి బాట మీద నుంచి విమానం లేచి, తగినంత ఎత్తుకు చేరటానికి నిమిషాలు పడుతుంది. శత్రువు గంటకు 300 కిలోమీటర్ల వేగంతో వస్తున్నాడనుకుందాం. 150 కిలోమీటర్ల దూరంలో కనపడితే చేతిలో అరగంట ఉంటుంది. 15 కిలోమీటర్ల దూరంలో కనపడితే 3 నిమిషాలే. దూరాన్ని వేగంతో భాగిస్తే వచ్చేది వ్యవధి. రాడార్ మనకిచ్చేది చుక్క కాదు, వ్యవధి.

నిజం రాడార్‌కూ ఆట రాడార్‌కూ తేడా ఇప్పుడు చెప్పవచ్చు. ఆటలో తరంగాలూ లేవు, ప్రతిధ్వనులూ లేవు. ఎవరు ఎక్కడున్నారో ఆటను నడిపే కంప్యూటర్‌కు ముందే తెలుసు. అది చెయ్యవలసిన పని చూడటం కాదు, దాచటం! 25 అన్న అంకెను 250గా మార్చటానికి ఒక్క పైసా ఖర్చు కాదు. మచిలీపట్నం రాడార్‌కు హద్దు పెట్టింది ప్రకృతి. ఆట రాడార్‌కు హద్దు పెట్టేది ఒక మనిషి నిర్ణయం. కనక ఆ నిర్ణయం మంచిదా, చెడ్డదా అని అడిగే హక్కు మనకుంది.

సెంట్లలో లెక్క

ఆటలో మనిషి సెకనుకు 5 మీటర్లు పరుగెత్తుతాడనీ, వంగి సెకనుకు 2 మీటర్లు నడుస్తాడనీ అనుకుందాం. ఆటనుబట్టి ఈ అంకెలు మారవచ్చు, లెక్క తీరు మారదు.

రాడార్ చూపు 10 మీటర్లయితే, పరుగెత్తి వచ్చే శత్రువు మీకిచ్చే వ్యవధి 2 సెకన్లు. మీరూ అతనికి ఎదురు పరుగెత్తుతుంటే 1 సెకనే. చుక్కను చూసి వేలు కదపటానికే పావు సెకను పడుతుంది. వెనక్కి తిరిగి గురి చూడటానికి మరికొంత. కనక 10 మీటర్ల రాడార్ ఉన్నా లేనట్టే. దూకుడుగా మీదపడేవాడిదే రాజ్యం. వాడు దొంగచాటుగా నడవవలసిన దూరం 10 మీటర్లే, అంటే 5 సెకన్లు. కనపడకుండా ఉండటం మరీ చవక అయిపోయింది.

చూపు 100 మీటర్లయితే? పరుగెత్తి వచ్చేవాడు 20 సెకన్ల ముందే దొరికిపోతాడు. చప్పుడు లేకుండా రావాలంటే 50 సెకన్లు వంగి నడవాలి. 10 నిమిషాల ఆటలో ఒక్కడి దగ్గరికి చేరటానికి దాదాపు నిమిషం! ఆ లోపల వాడు అక్కడే ఉంటాడా? కనపడకుండా ఉండటం కొనలేనంత ఖరీదయింది.

25 మీటర్ల దగ్గర పరుగుకు 5 సెకన్లు, దొంగనడకకు పన్నెండున్నర సెకన్లు. కాపలా ఉన్నవాడికి తిరిగి చూసే వ్యవధి ఉంది. వచ్చేవాడికి ఓపిక పడితే గెలిచే ఆశ ఉంది. ఇద్దరూ బుర్రకు పని చెప్పాలి.

ఇంకో లెక్క చూడండి. వృత్తం వైశాల్యం వ్యాసార్ధం వర్గాన్నిబట్టి పెరుగుతుందని మీరు క్లాసులో చదువుకున్నారు. 10 మీటర్ల రాడార్ కింద పడే నేల సుమారు 8 సెంట్లు, ఒక ఇల్లు కట్టుకునే స్థలం. 25 మీటర్లయితే సుమారు 48 సెంట్లు, అంటే దాదాపు అర ఎకరం. 100 మీటర్లయితే పావు తక్కువ 8 ఎకరాలు! మీ బడి, బడి మైదానం, బడి పక్క చెరువు కూడా అందులో పడతాయి. దూరం 10 రెట్లు పెరిగితే నేల 100 రెట్లు పెరిగింది. ఆట స్థలమంతా ఒకే రాడార్ కిందికి వచ్చేసిందన్నమాట. ఇక దాక్కునే మూల ఎక్కడుంది? ఎటువైపు నుంచి పోవాలో ఆలోచించేదేముంది?

ఎక్కువ తెలిస్తే తక్కువ ఆట

"అందరికీ అందరూ కనపడితే పోరు రసవత్తరంగా ఉంటుంది గదా!" అని మీరు అడగవచ్చు. కాదు. ఆ రాడార్ కదిలినవాణ్ణే చూపిస్తుందని మరిచిపోకండి. చూపు పొడుగయితే కదిలిన ప్రతివాడూ దొరుకుతాడు, కదలనివాడు దొరకడు. తెలివైనవాడు ఏం చేస్తాడు? మూల చూసుకుని కూచుంటాడు. ఎదుటివాడూ తెలివైనవాడే కనక వాడూ కూచుంటాడు. చివరికి అందరూ గుడ్డికొంగలే! చేప మాత్రం ఒక్కటీ లేదు. సమాచారం పెరిగింది, ఆట ఆగిపోయింది.

అయితే రాడార్‌ను తీసిపారేస్తే సరిపోతుందా? 2019లో వచ్చిన "కాల్ ఆఫ్ డ్యూటీ: మోడరన్ వార్‌ఫేర్" సంగతి చూడండి. ఆ వరుసలో అంతకు ముందు వచ్చిన ఆటల్లో, చప్పుడు అణచే గొట్టం లేకుండా తుపాకి పేల్చినవాడు శత్రువుల పటంలో ఎర్రచుక్కగా కనపడేవాడు. ఈ ఆటలో ఆ చుక్కను తీసేశారు. ఏమయింది? పేల్చినవాడు ఎక్కడున్నాడో తెలియదు కనక మాటు వేసి కూచునేవాడికి ధైర్యం వచ్చింది. తిరిగేవాడికి భయం పట్టుకుంది. ఎక్కడ చూసినా మాటుగాళ్ళే అని ఆడేవాళ్ళు చాలామంది మొత్తుకున్నారు. రాడార్ మరీ పొడుగయితే కదిలేవాడికి శిక్ష. అసలు లేకపోతే కూచున్నవాడికి బహుమానం. రెండు దారులూ ఒకే మూలకు చేరాయి.

ఇక్కడ ఒక ఆక్షేపణ ఉంది. దాన్ని దాటవెయ్యటం న్యాయం కాదు. 2021లో వచ్చిన "హాలో ఇన్ఫినిట్"లో ర్యాంకుల కోసం పోటీ పడే ఆటల్లో కదలికల రాడార్‌ను తీసేశారు. ఆరితేరిన ఆటగాళ్ళు దాన్నే మెచ్చుకుంటారు. "చుక్కను చూసి ఆడేవాడికి నేర్పు ఎందుకు?" అంటారు. వాళ్ళ మాటలో నిజముంది. కాని వాళ్ళు జట్టుకు నలుగురు. "ఎడమ మెట్ల మీద ఒకడు", "తలుపు దగ్గర ఇద్దరు" అని ఎప్పటికప్పుడు ఒకరికొకరు చెప్పుకుంటారు. వాళ్ళ నోళ్ళే వాళ్ళ రాడార్! ఆ అలవాటు లేని కొత్తవాడికి, ఎవరో తెలియని ముగ్గురితో కలిసి ఆడేవాడికి ఆ సదుపాయం లేదు. పందెం సైకిలుకు బెల్లు లేదని అందరి సైకిళ్ళకూ బెల్లు పీకేస్తామా?

అందరికీ ఒకటే పటం

పొట్టి రాడార్ ఉండాలని నేననటానికి మరో కారణం ఉంది. నా దృష్టిలో ఇదే పెద్దది.

కంప్యూటర్ మీద ఆడే పబ్జీలో అడుగుల గుర్తులు లేవు. చెవి పెట్టి వినాల్సిందే. సెల్‌ఫోనులో ఆడే బీజీఎంఐలో, అంటే పబ్జీ మొబైల్‌ను 2020లో నిషేధించాక 2021లో మన దేశానికి వచ్చిన ఆటలో, అడుగుల గుర్తు పటంలో కనపడుతుంది. కొందరు దీన్ని వెక్కిరిస్తారు. నేను మెచ్చుకుంటాను. ఎందుకంటే మంచి ఇయర్‌ఫోన్లు కొనుక్కున్నవాడికి అడుగుల చప్పుడు ఎటు నుంచి వస్తోందో తెలుస్తుంది. అన్న వాడి పక్కన పెట్టిన పాత ఫోనుతో, పగిలిన స్పీకరుతో ఆడేవాడికి తెలియదు. పుట్టుచెవుడు ఉన్న పిల్లవాడికి అసలే తెలియదు. "ఫోర్ట్‌నైట్" అనే ఆటలో శబ్దాలను గుర్తులుగా చూపించే ఏర్పాటు ఇందుకే పనికివస్తోంది. గుర్తు పటంలో పడితే ఖరీదు చెవులూ, బీద చెవులూ, వినపడని చెవులూ ఒక్కటే. గెలుపు బుర్రకు దక్కాలి గాని ఇయర్‌ఫోన్లకు కాదు.

దీన్నిబట్టే దొంగ రాడార్ల సంగతీ తేలిపోతుంది. ఆట సాఫీగా నడవటానికి శత్రువులు ఎక్కడున్నారో అన్న సమాచారం తరచు మీ ఫోనుకు ముందే చేరుతుంది. ఫోను దాన్ని తెర మీద చూపించదు, అంతే. దాచినదాన్ని బయటపెట్టే దొంగ ప్రోగ్రాములను కొందరు అమ్ముతారు, కొందరు కొంటారు. కొన్నవాడికి చూపు హద్దు లేదు. వాడు గెలిచాడంటారా? అన్ని ముక్కలూ తెరిచి పెట్టుకుని పేకాడినవాడు గెలిచాడంటే, వాడూ గెలిచినట్టే! పైగా మిగిలిన పిల్లలు ఓడిన ప్రతిసారీ "వాడు దొంగాట ఆడాడు" అనుకుంటారు, న్యాయంగా గెలిచినవాణ్ణి కూడా నమ్మరు. ఒక్కడు హద్దు దాటితే అందరి మీదా అనుమానమే. ఒకవేళ ఆటవాళ్ళే "ఇంత కట్టండి, మీ రాడార్ 10 మీటర్లు ఎక్కువ చూస్తుంది" అని అమ్మితే? అది చట్టానికి దొంగతనం కాకపోవచ్చు. ఆటకు మాత్రం తేడా ఏమీ లేదు.

మైదానంలో చేసి చూడండి

నా మాట నమ్మమని అడగను. బడి మైదానంలో మీరే పరీక్షించండి. ఫోను అక్కర్లేదు. ఒక తాడు, ముగ్గుపిండి, ఒక తువ్వాలు చాలు.

ఒక పిల్లవాడికి కళ్ళకు గంతలు కట్టి మధ్యన నిలబెట్టండి. అతను కాపలా. అతని పక్కన మరొకరు "రాడార్". తాడుతో కొలిచి వాళ్ళ చుట్టూ ముగ్గుపిండితో వృత్తం గియ్యండి. చాలా దూరం నుంచి నలుగురు బయలుదేరి, రెండు నిమిషాల్లో కాపలావాణ్ణి ముట్టుకోవాలి. వృత్తం లోపల ఎవరయినా మామూలుగా నడిచినా, పరుగెత్తినా రాడార్ పిల్లవాడు "తూర్పు!" అనో "దక్షిణం!" అనో కేక వెయ్యాలి. మడమకు బొటనవేలు ఆనించి చిన్న అడుగులు వేసేవాళ్ళను మాత్రం అతను చూసినా చెప్పకూడదు. కాపలావాడు కేక విని వేలెత్తి చూపిన దిక్కున ఎవరుంటే వాళ్ళు ఔట్.

వృత్తం వ్యాసార్ధం మొదట 3 అడుగుజాడలు, తరవాత 8, ఆ తరవాత 20 పెట్టి, ఒక్కొక్కటి పదేసి సార్లు ఆడండి. ఎన్నిసార్లు కాపలా గెలిచాడు, ఎన్నిసార్లు వచ్చినవాళ్ళు గెలిచారు, ఎంతసేపు ఎవరూ కదలకుండా నిలబడిపోయారు అన్నది నోటుపుస్తకంలో పట్టిక వేసుకోండి. ఏ వృత్తం దగ్గర ఇరుపక్షాల గెలుపులూ దాదాపు సమానమయ్యాయో చూడండి. మీ మైదానానికి, మీ నడకకు తగిన రాడార్ దూరం అదే. నేను చెప్పిన లెక్క తప్పని తేలితే మీ పట్టికనే నమ్మండి, నన్ను కాదు.

సొంతంగా ఆట పెట్టుకునేవాళ్ళు కొన్ని ఆటల్లో ఈ దూరాన్ని మార్చుకోవచ్చు. 2010లో వచ్చిన "హాలో రీచ్" అలాంటిదే. అంటే ఆటలు తయారుచేసేవాళ్ళు కూడా అన్నిటికీ సరిపోయే అంకె ఒకటి లేదని ఒప్పుకున్నారన్నమాట. ఇరుకు గదుల ఆటకు ఒకటి, విశాలమైన మైదానానికి మరొకటి కావాలి. కాని సూత్రం ఒకటే. కాపలావాడికి తిరిగి చూసే వ్యవధి ఉండాలి, వచ్చేవాడికి ఓపికతో గెలిచే దారి ఉండాలి. రెంటిలో ఏది మూసుకుపోయినా ఆట చచ్చిపోతుంది.

తాడేపల్లిగూడెంలో 2015 నుంచి జాతీయ సాంకేతిక విద్యాసంస్థ ఉంది. అక్కడో, మరోచోటో చదువుకుని మీలో కొందరు రేపు ఇలాంటి ప్రోగ్రాములు రాస్తారు. "చూపు ఎంత దూరం?" అన్నచోట ఒక అంకె వెయ్యవలసిన రోజు వస్తుంది. అవతల ఆడేవాళ్ళు లక్షలమంది ఉంటారు. వాళ్ళలో మంచి ఫోను ఉన్నవాడూ, లేనివాడూ, వినపడేవాడూ, వినపడనివాడూ అందరూ ఉంటారు. ఆ అంకె వేసే ముందు మీరు ఎవరి పక్షాన నిలబడి ఆలోచిస్తారు?